పాత కారుకు క్రొత్త వైరింగు

కాచిగూడ స్టేషను వీథిలో ఒక రాత్రి మా పాత అంబాసిడరు దీపములు మసకబారినవి. కాలిన రబ్బరు వాసన వచ్చినది. వెంటనే బ్యాటరీ తీగె ఊడదీయుటచే బండి దక్కినది. మరునాడు డాష్‌బోర్డు క్రింద చూడగా తీగెలు చిక్కుపడిన జడవలె నుండెను. ఎన్నడో తీసివేసిన రేడియోకు వేసిన తీగె ఇంకను విద్యుత్తును మోయుచునే యున్నది. దాని పైపూత ఒరసుకొనిపోయి రాగి ఇనుప రేకును తాకినది. దారిలో ఫ్యూజు లేదు. ప్రమాదమున కదియే కారణము.

అతుకులు మాని, వైరింగు నంతటిని క్రొత్తగా కట్టుటకు నిశ్చయించితిమి. ఈ పనిలో మొదట పట్టవలసినది కత్తెరను గాదు, పెన్సిలును. ప్రతి తీగె ఎక్కడ బయలుదేరి ఎక్కడ చేరునో పటము గీసి, రెండు కొసలకును చీటీలు కట్టవలెను. ఈ కారు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనా నుండి పుట్టినది. 2014లో దీని తయారీ నిలిచిపోయినది. కనుక బ్రిటిష్ కార్ల రంగుల పద్ధతినే పాటించితిమి: బ్యాటరీ నుండి వచ్చునది గోధుమ రంగు, ఇగ్నిషనుది తెలుపు, హెడ్‌లైట్లది నీలము, ఎర్తుది నలుపు.

ఇచ్చట ఒక ప్రలోభము కలదు. సన్నని తీగెలు వేసినచో కట్ట అందముగాను తేలికగాను ఉండునని తోచును. లెక్క వేసి చూతము. రెండు హెడ్‌లైట్లకు సుమారు 10 ఆంపియర్లు కావలెను. 4 మీటర్ల రాగితీగె 1.5 చదరపు మిల్లీమీటర్లదైనచో దారిలో అర వోల్టుకంటె తక్కువ నష్టమగును, 0.5 దైనచో సుమారు 1.4 వోల్టులు నష్టమగును. 12 వోల్టులలో నిది స్వల్పముగా కనబడినను, వోల్టేజి కొంచెము తగ్గినచో వెలుగు చాల తగ్గును. ఇక్కడ దాదాపు మూడవ వంతు పోవును. ఇంత వెలుగు పోగొట్టుకొని మిగుల్చుకొన్న రాగి ఎంత? 36 గ్రాములు!

బరువు తగ్గించు సరియైన మార్గములు వేరు. పని లేని తీగెలను తీసివేయవలెను. బ్యాటరీ నుండి దీపముల వరకు దారిని కురుచ చేసి, మధ్య రిలే నుంచవలెను. అప్పుడు స్విచ్చి దాక పోయి వచ్చు తీగె రిలేను కదల్చునంత స్వల్ప విద్యుత్తును మాత్రమే మోయును గనుక సన్ననిదైనను చాలును. 1986లో బాష్ సంస్థ ప్రకటించిన క్యాన్ పద్ధతిలో ఒక జత తీగెలపై అనేక సందేశములు నడచును. నేటి కార్లలో తీగెలు మితిమీరి పెరుగకుండుటకు అదియొక కారణము.

రిలేలు, తీగెలు చేరువనున్న పుత్లీబౌలీ, ట్రూప్‌బజారులలో దొరికినవి. ప్రతి శాఖకును బ్యాటరీ దగ్గరనే ఫ్యూజు పెట్టితిమి. ఫ్యూజు కాపాడునది ముఖ్యముగా తీగెను. కావున తీగె ఓర్వగల దానికి మించిన ఫ్యూజు వేయరాదు. ఎర్తు చోట్ల తుప్పు గీకితిమి. రేకు రంధ్రములలో రబ్బరు బుష్షులు అమర్చితిమి.

తుదకు ఆ పటమును మడచి డాష్‌బోర్డు అరలో నుంచితిమి. రేపు ఈ బండి విప్పువారికి మా చిక్కు మరల రాకూడదు గదా!