రోగిగా కూర్చునే మనిషి కావాలి



2022 నవంబరులో మన మహబూబాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. అక్కడ చదివే పిల్లలే రేపు మన ఆడవాళ్ల నాడి చూడాలి. మన అమ్మలు 'ఘబ్రాహట్' అంటారు. అది గుండె దడా, భయమా, ఊపిరాడకపోవడమా? పక్కన కొడుకో భర్తో నిలబడితే అసలు సంగతి నోట్లోనే ఉండిపోతుంది. వాళ్లను కాసేపు బయట ఉండమని మర్యాదగా ఎట్లా అడగాలో పుస్తకం చదివితే రాదు.

1963లో అమెరికాలో హోవార్డ్ బారోస్ అనే నరాల వైద్యుడు దీనికో దారి చూపారు. జబ్బేమీ లేని ఒక మహిళకు రోగి కథ, బాధ, కాళ్ల చచ్చుదనం అన్నీ నేర్పి విద్యార్థుల ముందు ఉంచారు. విద్యార్థి ఏం చేశాడో, ఏది వదిలేశాడో తర్వాత ఆమే రాసి ఇచ్చేది. ఇక్కడ తప్పు జరిగినా ప్రాణం పోదు.

ఇది అబద్ధమాడటం కాదా అని మనలో కొందరు అడిగారు. మంచి ప్రశ్నే. విద్యార్థికి ముందే తెలుసు కనుక మోసం లేదని మాకు తోస్తోంది, ఉలమాలనూ అడుగుదాం.

కళాశాలవారు ఒప్పుకుంటే ఉర్దూ, తెలుగు, లంబాడీ మాట్లాడే నలుగురు ఆడవాళ్లను పంపాలని మా కోరిక. మాటల వరకే, ఒంటిని తాకే పరీక్ష వద్దని ముందే చెబుతాం. రాదలచినవారు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.