పతకాలున్నాయి, క్లబ్బేది?



బెజవాడలో ఆటల గురించి మాట్లాడాలంటే దండమూడి రాజగోపాల్ గారిని తలుచుకోకుండా కుదరదు. ఉయ్యూరు దగ్గర గండిగుంటలో పుట్టి, 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ కాంస్యం తెచ్చారు. మన ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టుకున్నాం. ఇవాళ మాత్రం పారిస్‌లోని ఒక క్లబ్బు కథతో మొదలుపెడతాను.

1882లో అక్కడి సాన్ లజార్ రైల్వే స్టేషన్ హాల్లో స్కూలు కుర్రాళ్లు పరుగు పందేలు పెట్టుకున్నారు. గుర్రప్పందేల మోజులో జాకీల్లా రంగు చొక్కాలు, టోపీలు వేసుకుని పరిగెత్తేవారు. వాళ్ల మీద డబ్బు కాసేవాళ్లూ ఉండేవారు. ఆ వేషాలను, పందేలను పెద్దలు తొందరగానే మాన్పించారు. అలా మొదలైందే రేసింగ్ క్లబ్ ద ఫ్రాన్స్. మరుసటేడు స్తాద్ ఫ్రాన్సే అనే మరో క్లబ్బు పుట్టింది. 1892 మార్చి 20న తొలి ఫ్రెంచ్ రగ్బీ ఫైనల్లో రేసింగ్ 4-3తో స్తాద్‌ను ఓడించింది. రిఫరీ ఎవరనుకున్నారు? తర్వాత ఒలింపిక్స్‌ను మళ్లీ మొదలుపెట్టించిన కూబెర్తాన్!

పరుగుతో మొదలైన ఆ సంఘంలోకి టెన్నిస్, ఈత, ఫెన్సింగ్, ఫుట్‌బాల్, హాకీ వచ్చి చేరాయి. ఒక్కో ఆటా ఒక్కో శాఖ, సంఘం మాత్రం ఒక్కటే. ఒక ఆటలో ఓ తరం వెనకబడినా క్లబ్బు మూతపడలేదు.

మన దగ్గర ప్రతిభకు కొదవా? కోనేరు హంపి 2019లో, 2024లో ప్రపంచ ర్యాపిడ్ చెస్ చాంపియన్. వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఆర్చరీలో మూడు స్వర్ణాలు కొట్టింది. కానీ హంపికి తొలి గురువు కన్నతండ్రే. మన ఊరి ఓల్గా ఆర్చరీ అకాడమీని నిలబెట్టింది చెరుకూరి వారి కుటుంబం. వాళ్లింటి కోచ్ లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోతే ఆ భారం మళ్లీ ఆ ఇంటి మీదే పడింది. ఒక ఊరు మోయాల్సిన బరువును ఒక్కో ఇల్లు మోస్తోంది.

క్లబ్బు పెట్టేస్తే అంతా అయిపోతుందనీ అనను. రేసింగ్ వాళ్లు దశాబ్దాలుగా ఆడిన క్రువా కాత్లాన్ స్థలం పారిస్ నగరానిది. 2006లో నగరపాలక సంస్థ దాన్ని వేరే కంపెనీకి లీజుకిచ్చింది. నూరేళ్లు దాటిన పేరు కూడా ఆ స్థలాన్ని కాపాడలేకపోయింది.

అందుకే, మనం క్లబ్బు పెట్టుకుంటే బోర్డు కట్టే ముందు లీజు కాగితాలు చూసుకోవాలి. అందులో గడువెంతో, పిల్లలకు ఏయే వేళల్లో ఆట దొరుకుతుందో రాయించుకోవాలి. పతకాలు తేవడం పిల్లలకు వదిలేయండి. ఆ కాగితం పని పెద్దలది.