ఈ నంబరు ఎవరిది?
(కె.ఆర్.పురం గేట్ మీటింగులో సంఘం కార్యదర్శి ప్రసంగ పాఠం)



ఈ మధ్య సంఘం ఆఫీసుకు వచ్చేవారిలో చాలామంది చీటీ మీద ఒక నంబరు రాసుకొస్తున్నారు. "అన్నా, ఇది ఎవరిదో కనుక్కో" అంటున్నారు. అందుకని ఈ పూట బోనస్ మాట పక్కన పెట్టి ఈ సంగతే చెప్పదలిచాం.

మన రెండో షిఫ్టు చెల్లెలొకామె పిల్ల ఫీజు కోసం పి.ఎఫ్. అడ్వాన్సు తీసుకుంది. బ్యాంకులో పడిన మూడోరోజు ఫోను వచ్చింది. "పి.ఎఫ్. ఆఫీసు నుంచమ్మా, ఓటీపీ చెప్పకపోతే డబ్బు వెనక్కి పోతుంది" అన్నాడు. చక్కని తెలుగులో మాట్లాడాడు. మనవాడే అనుకుని ఆమె చెప్పేసింది. 18,000 రూపాయలు పోయాయి. ఇంట్లో తిడతారని నాలుగు రోజులు నోరు విప్పలేదు. ఆ నాలుగు రోజులే కొంప ముంచాయి.

మేము ఆ నంబరు పట్టుకుని బయలుదేరాం. తిరిగి చేస్తే స్విచాఫ్. ట్రూకాలర్‌లో చూస్తే "పి.ఎఫ్. ఆఫీసు" అనే వచ్చింది! ట్రూకాలర్ సర్కారు రికార్డు కాదు. జనం తమ ఫోన్లలో రాసుకున్న పేర్లు, పెట్టుకున్న పేర్లే అందులో కనిపిస్తాయి. దొంగ కూడా తనకు నచ్చిన పేరు పెట్టుకోవచ్చు.

పాతరోజుల్లో టెలిఫోన్ డైరెక్టరీలో పేరు, చిరునామా, నంబరు అచ్చయ్యేవి. సెల్ ఫోన్లకు అలాంటి పుస్తకం లేదు. సిమ్ ఎవరి పేరున ఉందో కంపెనీ దగ్గర ఉంటుంది. అది పోలీసులు అడిగితే ఇస్తారు గానీ మనం అడిగితే ఇవ్వరు. ఫోను మోగేటప్పుడే సిమ్‌దారు పేరు కనబడాలని 2024 ఫిబ్రవరిలో ట్రాయ్ సిఫారసు చేసింది. అది అమలైనా కనబడేది సిమ్‌దారు పేరే, మాట్లాడేవాడి పేరు కాదు.

మరి సిమ్‌దారు ఎవరు? ఇక్కడే మనం జాగ్రత్తపడాలి. తీగల వంతెన దగ్గర గొడుగు కింద సిమ్ కొంటాం. "వేలిముద్ర పడలేదు, మళ్లీ పెట్టు" అంటే పెడతాం. రెండో ముద్రతో ఇంకో సిమ్ మన పేరున లేచిపోవచ్చు. రేపు ఎవరో చెల్లెలు చీటీ మీద రాసుకొచ్చే నంబరుకు యజమాని మనమే కావచ్చు!

కాబట్టి మిత్రులారా, చేయవలసినవి ఇవి.

ఒకటి: కేంద్ర టెలికాం శాఖ 2023లో పెట్టిన 'సంచార్ సాథీ'లో మీ పేరున ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి. మీది కానిది ఉంటే అక్కడే ఫిర్యాదు చేయండి. చేతకాకపోతే ఆదివారం ఆఫీసుకు రండి, కుర్రాళ్లు చూసిపెడతారు.

రెండు: ఎవరు అడిగినా ఓటీపీ చెప్పవద్దు. పి.ఎఫ్. ఆఫీసు ఫోనులో ఓటీపీ అడగదు. పోలీసుననీ, వీడియోలో 'డిజిటల్ అరెస్టు' చేశాననీ ఎవడైనా బెదిరిస్తే ఫోను పెట్టేయండి. అలాంటి అరెస్టు ఏ చట్టంలోనూ లేదు.

మూడు: డబ్బు పోతే ఆ నిమిషమే 1930కి ఫోను చేయండి, బ్యాంకుకు చెప్పండి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పరుగెత్తే లోపల చెబితే ఆపే అవకాశం ఉంటుంది. నంబరు ఎవరిదని వెతుకుతూ కూర్చుంటే ఆ అవకాశం చేజారుతుంది.

2016 ఏప్రిల్‌లో పి.ఎఫ్. సొమ్ముపై ఆంక్షలు పెడితే ఈ బెంగళూరు గార్మెంటు అక్కచెల్లెళ్లు వేలాదిగా రోడ్డెక్కారు. సర్కారు వెనక్కి తగ్గింది. అలా నిలబెట్టుకున్న సొమ్మును ఒక్క ఫోనుకు అప్పగించకూడదు.

ఇక ఇంటివాళ్లకు ఒక మాట. మోసపోయిన మనిషిని తిట్టకండి. తిడతారన్న భయమే ఆ దొంగకు నాలుగు రోజులు గడువిచ్చింది. ఆ నంబరు ఎవరిదో మాకు ఇప్పటికీ తెలియలేదు. పోయిన డబ్బు మాత్రం మన చెల్లెలిది.