నీళ్లలోంచి లేచిన తరువాత



పాపం వదిలించుకోవాలనే ఆరాటం కొవ్వూరుకు కొత్తది కాదు. గోహత్యా దోషం తీర్చుకోవడానికి గౌతమ మహర్షి తపస్సు చేసి గోదావరిని రప్పించాడని ఈ ఊరి స్థలపురాణం. 2003లోనూ 2015లోనూ పుష్కరాలకు గోష్పాద క్షేత్రం రేవులో మునిగిన జనాన్ని మనలో చాలామంది కళ్లారా చూశాం. క్రైస్తవులమైన మన విశ్వాసం వేరు. అయినా ఆ ఆరాటాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు మనకు లేదు. ఇవాళ ఎవరి స్మృతికి ఇక్కడ కూడామో ఆ పాగోలు వెంకయ్యగారు కూడా ఆ బరువుతోనే ఒక నదీతీరానికి వెళ్లినవారు.

ముందు మన డెల్టా సంగతి. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో బయల్దేరి వచ్చారు. ఒకరు రాతిపని మేస్త్రీ, మరొకరు చెప్పులు కుట్టి బతికినవారు. నెలజీతం పంపే సంస్థ ఏదీ వాళ్ల వెనక లేదు. నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో కాలూనారు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయలకు అడ్డంగా ఆనకట్ట లేస్తుంటే, అక్కడి కూలీల మధ్య బౌడెన్ సువార్త చెప్పారు. బీర్ 1853లో కన్నుమూశారు. ఆ ఇద్దరూ వేసిన పునాది మీదే ఈ చుట్టుపక్కల ఎన్నో సంఘాలు నిలబడ్డాయి. అయితే పాత బతుకు విడిచిన ఒక్క మనిషి వెనక పేటలకు పేటలు కదిలిన చరిత్ర చూడాలంటే కృష్ణ ఒడ్డుకు వెళ్లాలి.

వెంకయ్యగారిది బెజవాడకు ఎగువన ఉన్న రాఘవాపురం. మాలపేటలో పుట్టారు. దారిదోపిడీ ముఠాకు నాయకుడన్న పేరు పడింది. పాదిరీలు ఆయన్ని దొంగగానే రాశారు, ఆయనా దాన్ని దాచుకోలేదు. ఆ పాపాన్ని నేను కడిగేయబోను. కానీ ఆ రోజుల్లో చేతిలో సెంటు భూమి లేని, ఊరి బావి దగ్గరికి రానివ్వని మనిషి బతుకు ఎలాంటిదో కూడా చెప్పుకోవాలి. గుంటూరు సీమను పీల్చేసిన 1832-33 నాటి నందన కరువు ఆయన పడుచుతనంలోనే వచ్చింది. తప్పు తప్పే. అది మొలిచిన నేలను చూడకుండా తీర్పు చెప్పేవాళ్లకు మారుమనస్సు అర్థం కాదని నా నమ్మకం.

విగ్రహాల్లో ఏమీ లేదు, దేవుడు ఒక్కడే అని ఒక స్నేహితుడు చెప్పిన మాట ఆయన్ని పట్టుకుంది. నువ్వెవరో నాకు కనపరచుకో అని మూడేళ్లు ప్రార్థించారట. అప్పటికి ఆయనకు బైబిలు లేదు, బోధకుడు లేడు. చివరికి కృష్ణాస్నానాల పర్వానికి బెజవాడ వెళ్లినప్పుడు, అక్కడి బ్రాహ్మణుడొకరు పాదిరి దగ్గరికి వెళ్లమన్నారని చెబుతారు. ఆ పాదిరి చర్చి మిషనరీ సొసైటీకి చెందిన థామస్ యంగ్ డార్లింగ్. మూడేళ్లుగా అడుగుతున్న ప్రశ్నకు జవాబు వినగానే, తాను వెతికినవాడు ఈ క్రీస్తేనని వెంకయ్యగారు పోల్చుకున్నారు. 1859 మార్చిలో బాప్తిస్మం తీసుకున్నారు.

అదే మిషను మచిలీపట్నంలో పెట్టుకున్న ఆశ వేరు. రాబర్ట్ నోబుల్ 1843లో అక్కడ బడి తెరిచారు. పై కులాల పిల్లలు చదువుకుని విశ్వసిస్తే వాళ్ల ద్వారా సువార్త కిందికి దిగుతుందని ఆయన ఆలోచన. 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందితే పట్నమంతా అట్టుడికింది. నోబుల్ త్యాగాన్ని నేను చిన్నబుచ్చను. పెళ్లి చేసుకోలేదు, స్వదేశం తిరిగి వెళ్లలేదు, 1865లో మచిలీపట్నంలోనే ప్రాణం విడిచారు. అయినా కృష్ణా మండలంలో జనం గుంపులుగా ప్రభువు వైపు తిరిగింది చదువురాని వెంకయ్యగారి వెనకే.

ఎందుకు? మన సభల్లో సాక్ష్యం చెప్పేటప్పుడు తాగుడు, జూదం, కొట్లాటలు వివరంగా చెప్పి, బాప్తిస్మపు నీళ్లలోంచి లేవడంతో ముగిస్తాం. వెంకయ్యగారు ఆ నీళ్లలోంచి లేచాక ఇంకా 32 ఏళ్లు బతికారు, 1891 దాకా. ముఠాను నడిపిన మనిషి తన వాళ్లను ప్రార్థనకు నడిపించారు. పేట నుంచి పేటకు తిరిగి, తన కులంవాళ్లకు తన భాషలో చెప్పారు. మాట విన్నవాళ్లకు ఆయన పాత బతుకు తెలుసు; కొత్త బతుకును రోజూ కళ్లముందు చూస్తూ వచ్చారు. దొర చెప్పే బోధకు లేని బలం అక్కడుంది. సువార్తలో జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నది కూడా అందరి ఎదుటే కదా.

అందుకే ఈ ఊరి సంఘాలను ఒకటి అడుగుతున్నాను. మీలో సారా కొట్టు విడిచినవారు, జైలు నుంచి వచ్చి మారినవారు ఉంటే, వాళ్ల తరువాతి 20, 30 ఏళ్ల కథ రాసి ఉంచండి. తీర్చిన అప్పులు, తిరిగి నమ్మిన భార్య, మళ్లీ పలకరించిన అన్నదమ్ములు, జారిపడి లేచిన రోజులు, అన్నీ రాయండి. ఆ మనిషి ఇరుగుపొరుగు హిందువులైతే వాళ్లనూ అడిగి రాసుకోండి.