అద్దకపు చేతుల గురించి రెండు మాటలు



మేము చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఈ రోజు ఒక సైన్సు సంగతి చెప్పాలని నిలబడినాం. ఎందుకంటే అది తెలియక మేము ఒక మనిషిని ఒంటరిని చేసినాం.

మా సంఘంలో నలుపు నూలు అద్దే అన్న ఒకాయన ఉన్నాడు. నలుపు నిలవాలని బానలో బైక్రోమేట్ వేసేవాడు. నారింజ రంగు పలుకుల మందు అది. చేతులకు తొడుగు లేదు. కొన్నేండ్లకు వేళ్ల సందుల్లో దురద, నీటిపొక్కులు, పగుళ్లు. జనం గజ్జి అన్నారు. పెండ్లి పంక్తిలో పక్కన కూర్చోలేదు. మేమూ నోరు మెదపలేదు. ఆ మందు కొనిచ్చింది సంఘమే, బిల్లు మీద సంతకం మాదే.

తర్వాత ఒక చర్మం డాక్టరమ్మ విడమర్చి చెప్పింది. మన ఒంట్లో కాపలా కణాలు ఉంటాయి. వాటి పైపొరలో వాకిలి గంటల్లాంటి ప్రోటీన్లు ఉంటాయి. క్రిమి తగిలితే గంట మోగుతుంది, కణం లోపలికి కబురు పోతుంది, వాపు పుడుతుంది. నికెల్, కోబాల్ట్ అనే లోహాలు క్రిమి లేకపోయినా టీఎల్ఆర్-4 అనే గంటను మోగిస్తాయి. నికెల్ సంగతి 2010లో జర్మనీ పరిశోధకులు బయటపెట్టినారు. మనిషి గంటలో 456, 458 జాగాల్లో హిస్టిడిన్ ఉంది, నికెల్ పట్టు అక్కడే. ఎలుకలో ఆ రెండు జాగాల్లో హిస్టిడిన్ లేదు, అందుకే నికెల్‌కు దాని గంట మోగదు.

మన బానలోని క్రోమియం దారి వేరు. అది చర్మంలోకి దిగి, రూపు మారి, మన ప్రోటీన్లకే అతుక్కుంటుంది. టీ కణాలు తమ పైపొర మీది గ్రాహకాలతో దాన్ని పరాయిదని పట్టేస్తాయి. ఒకసారి గుర్తుపెట్టుకుంటే ఏండ్ల తర్వాత చిటికెడు తగిలినా ఊరుకోవు. సిమెంటు పనివాళ్ల చేతులకు వచ్చేదీ ఇదే. యూరప్‌లో 2005 నుంచి సిమెంటులో ఈ క్రోమియం పది లక్షల పాళ్లకు రెండు పాళ్లు దాటకూడదని హద్దు పెట్టినారు.

అంటే అది గజ్జి కాదు, అంటుకునేది కాదు. ఒంటి కాపలావాడు చేసే గోల అది.

అందుకే సంఘాలన్నిటికీ మా మనవి. బైక్రోమేట్ కొనడం మానండి. అద్దకం పనికి మోచేతి దాకా తొడుగులు ఇయ్యండి. బాన నీళ్లు కాలువలో పోయకండి. చేతులు పగిలినవాళ్లకు వీపున పట్టీ వేసి చేసే పరీక్ష చేయించండి, ఏ లోహం పడదో తేలుతుంది.

ఆ అన్న ఈ సభలోనే ఉన్నాడు. మధ్యాహ్నం పంక్తిలో ఆయన పక్కన మేము కూర్చుంటాం. మీరూ రండి.

సెలవు.