కనఁబడుచునే కన్నుగప్పుట

కౌతాళమున చిరకాలము బడిపంతులుగా నుండి విరమించినవాఁడను. కంటిపొర తీయించుకొని రెండేండ్లయినది. అయినను మొన్న ఆదోనిలో బాట దాటుచు, మలుపు తిరుగుచున్న బస్సొకటి మెల్లగా వచ్చుచున్నదనుకొని యడుగువేసితిని. ప్రక్కనున్న పత్తిరైతు నా చేయిపట్టి లాగకున్నచో నేఁడీ ప్రసంగము లేదు. ఈసారి పొర బస్సునకున్నది! ప్రకటనకై దాని మేనెల్ల, అద్దములు సహితము, నలుపు పసుపు పట్టెల ప్లాస్టిక్కు పొర నంటించిరి.

ఈ విద్య క్రొత్తది కాదు. 1917లో జర్మను జలాంతర్గాములు ఇంగ్లీషు ఓడలను ముంచుచుండఁగా, నార్మన్ విల్కిన్సన్ అను చిత్రకారుఁడు విపరీతోపాయ మొకటి చెప్పెను. నడిసముద్రమున ఓడను దాఁచలేము; కావున దానిపై వంకర పట్టెలు పూయవలెననెను. ఎగిరెడి పిట్టకు ముందుగా గుఱిపెట్టునట్లే టార్పెడోను ఓడ చేరఁబోవు తావునకు విడువవలెను. అందులకు ఓడ దిక్కును వేగమును తెలియవలెను. పట్టెలు ఆ లెక్కను తప్పించును. రెండువేలకు మించిన ఓడలకు పూసిరి. అందువలన నెన్ని దక్కెనో 1918 నాటి విచారణలో తేలలేదు. నావికులకు మాత్రము ధైర్యము హెచ్చెను.

2011లో బ్రిస్టలు విశ్వవిద్యాలయమువారు తెరపై పరీక్షింపఁగా, మిక్కిలి వేగముగాఁ గదలెడి కొన్ని పట్టెల రూపములు నూటికి 7 పాళ్లు మెల్లగాఁ దోఁచినవి. నా పొరపాటునకు ఇదియే కారణమని ప్రమాణము చేయను. అఱువదియేడేండ్ల కన్నులకును అందు భాగముండవచ్చును.

ఓడకది రక్ష. బాట దాటు ముసలివాఁడు బస్సునకు శత్రువా? ప్రకటనకర్తలు వెనుకభాగమున నెన్ని రంగులైనఁ బూసికొందురు గాక. ముందును, ప్రక్కలను విడుతురు గాక. చక్రములకు పొర యంటింపలేదు. నేనిప్పుడు బాటయొద్ద నిలిచి వానినే చూచుచున్నాను.