వలెట్టా నగర దర్శనము

సిసిలీ ద్వీపమునకు దక్షిణముగా సుమారు 60 మైళ్ల దూరమున, మధ్యధరా సముద్రమునకు నడుమ, మాల్టా యను చిన్న ద్వీపమున్నది. దాని పొడవు 17 మైళ్లు. వెడల్పు 9 మైళ్లు. అందు ఏడాది పొడవున పాఱు నది యొక్కటియు లేదు. బంగారు గనులు లేవు; విస్తారమగు పంటపొలములు లేవు. అయినను ఫినీషియనులు, రోమకులు, అరబ్బులు, నార్మనులు, స్పెయిను రాజులు, ఫ్రెంచివారు, ఆంగ్లేయులు దానిని తమ వశము చేసికొనిరి. ఇందులకు ముఖ్యకారణము దాని తూర్పు తీరమునగల మహానౌకాశ్రయము. ఎంత పెద్ద యోడకైనను గాలివానలో దాగుటకు చోటిచ్చు లోతైన రేవది. ఆ రేవునకు కావలిగా శిబెరాస్ అను ఱాతిగుట్టపై కట్టిన నగరమే వలెట్టా. రేడియో యెదుట కూర్చుండి ఊరు చూచుటయనగా చెవులతో చూచుటయే యగును. అయినను శ్రోతలను ఆ నగరవీథుల వెంట త్రిప్పవలెనని నా యుద్దేశము.

ముందుగా ఆ నగరము పుట్టిన కథ వినవలెను. 1530లో ఐదవ చార్లెస్ చక్రవర్తి మాల్టాను సెయింట్ జాన్ వీరసంఘమున కొసగెను. రోగులకు శుశ్రూష చేయుటయు, తురుష్కులతో పోరుటయు వ్రతముగా పూనిన క్రైస్తవ యోధుల సంఘమది. పూర్వము వారి స్థానము రోడ్స్ ద్వీపము. దానిని సుల్తాను సులేమాను 1522లో ముట్టడించి గెలిచెను. ఆ సుల్తానే 1565 మే నెలలో గొప్ప నౌకాబలమును మాల్టామీదికి పంపెను. శిబెరాస్ గుట్ట కొనయందున్న సెయింట్ ఎల్మో కోట సుమారొక నెల యెదిరించి జూన్ 23వ తేదీన కూలెను. అందలి వారు కొద్దిమంది తప్ప అందఱును హతులైరి. తక్కిన కోటలు లొంగలేదు. సెప్టెంబరులో సిసిలీనుండి సహాయసేన రాగా తురుష్కులు ముట్టడి విడిచి మఱలిపోయిరి.

మరల ఇట్టి ముట్టడి వచ్చినచో గుట్ట ఖాళీగా నుండరాదని సంఘాధిపతియగు లా వలెట్ నిశ్చయించెను. 1566 మార్చి 28వ తేదీన నగరమునకు శంకుస్థాపన జరిగెను. పోపు పంపిన ఇటలీ యింజనీరు ఫ్రాంచెస్కో లాపరెల్లి పటము గీచెను. తరువాత పని నడిపినవాడు మాల్టావాడేయగు గిరోలమో కస్సార్. లా వలెట్ 1568లో మరణించెను. తన పేరిట వెలసిన నగరము పూర్తియగుట చూచు భాగ్యము అతనికి లేకపోయెను.

నగరద్వారము దాటినంతనే పటము గీచినవాని బుద్ధి కన్నుల కగపడును. వీథులు చదరంగపు బల్లమీది గీతలవలె ఒకదానినొకటి నిలువుగా ఖండించుచు సాగును. ఏ కూడలియందు నిలిచి చూచినను వీథి చివర నీలముగా సముద్రము కనుపించును. గుట్టమీద కట్టిన ఊరగుటచే పెక్కు వీథులు మెట్లుగానే యున్నవి. గోడలన్నియు తేనెరంగు సున్నపుఱాతివి. ఈ ఱాయి గనినుండి తీసినపుడు ఱంపముతో కోయదగినంత మెత్తగా నుండి, గాలి సోకినకొలది పైపొర గట్టిపడును. ఇండ్ల మేడలనుండి రంగులు వేసిన కొయ్య వసారాలు వీథిపైకి తొంగిచూచుచుండును.

మనబోటివారు మెచ్చదగిన విషయ మింకొకటి. నది లేని ఊరగుటచే, ఇల్లు కట్టు ప్రతివాడును నేలక్రింద వాననీటి తొట్టి త్రవ్వించి తీరవలెనని ఆదియందే కట్టడి చేసిరి. ఆ తొట్లు చాలనందున 1610 మొదలు 1615 వఱకు శ్రమించి దూరపు గుట్టల ఊటనీటిని ఱాతికాలువ మీదుగా నగరమునకు తెచ్చిరి. యాత్రికులు కోటబురుజులను చూచి ఆశ్చర్యపడుదురు. కాని ముట్టడికాలమున నగరమును బ్రతికించునది బురుజెంతయో, ఈ నీటితొట్టియు నంతయే.

నగరమధ్యమున సెయింట్ జాన్ ప్రధానదేవాలయము కలదు. ఇదియు కస్సార్ నిర్మించినదే. వెలుపలినుండి చూచినచో కోటగోడవలె నిరాడంబరముగా నుండును. లోన అడుగిడినంతనే కన్నులు మిఱుమిట్లు గొనును. పైకప్పు నిండ మత్తియా ప్రేతి 17వ శతాబ్దమున చిత్రించిన సెయింట్ జాన్ చరిత్ర. గోడలనిండ బంగారుపూతతోడి చెక్కడములు. నేలనిండ రంగురంగుల చలువఱాతి సమాధి ఫలకములు. అవి సుమారు నన్నూఱు. ఒక్కొక్కదానిక్రింద ఒక్కొక్క వీరుడు నిద్రించుచున్నాడు.

ప్రక్కనున్న ప్రార్థనామందిరమున కారవాజ్యో 1608లో రచించిన సెయింట్ జాన్ శిరశ్ఛేద చిత్రపటమున్నది. ఈ చిత్రకారుడు రోమునగరమున ఒకని చంపి పాఱిపోయి వచ్చి, ఇచ్చట ఆశ్రయము పొంది, సంఘమున వీరుడుగా చేర్చుకొనబడెను. తాను వ్రాసిన పటములన్నింటిలో దీనిమీద మాత్రమే అతడు సంతకము చేసెను. ఆ సంతకమును ఎచ్చట చేసెనో చూడుడు: మహాపురుషుని కంఠమునుండి కాఱిన నెత్తుటిలో! కొలదినెలలకే మఱియొక కలహమున చిక్కి, చెఱనుండి తప్పించుకొని పోగా, అదే సంవత్సరము డిసెంబరులో సంఘమువారు అతనిని వెలివేసిరి.

సముద్రతీరమున సంఘమువారి వైద్యశాల కలదు. దానిని 1574లో మొదలిడిరి. దాని పెద్దగది 500 అడుగులకు మించిన పొడవు గలది. అచ్చట రోగులకు వెండిపాత్రలలో ఆహారమిడెడివారు. ఇది సంఘమునకు కీర్తి తెచ్చిన పని. దీనిని మెచ్చని యాత్రికుడు లేడు. కాని ఆ సంఘముననే బానిసలును ఉండిరి. సముద్రముపై పట్టుబడిన ముస్లిములను తెచ్చి ఓడలకు తెడ్లు వేయించిరి, కోటలపై ఱాళ్లు మోయించిరి. 1749లో ఆ బానిసలు తిరుగుబాటు తలపెట్టగా, గుట్టు బయటపడి కఠినముగా శిక్షింపబడిరి. 1798లో ఈ ద్వీపమును పట్టుకొన్న నెపోలియను బానిసత్వమును రద్దుచేసెను. ఆ పాలకులే దేవాలయముల వెండిని, వైద్యశాల వెండిని కరగించిరి. ఒకే చేతినుండి మేలును కీడును వచ్చుట చరిత్రయందు వింతగాదు. కావున మనము కోటను మెచ్చునపుడు ఱాయి మోసినవానిని మఱవరాదు.

ఇక రాజభవనము ముందరి విశాలమగు అంగణమునకు వత్తము. 1799 జనవరి 17వ తేదీన ఫ్రెంచివారిపై కుట్ర చేసెనని మికీల్ షెర్రి యను మతాచార్యుని ఈ అంగణముననే తుపాకులతో కాల్చి చంపిరి. అతని తోడివారికిని అదే గతి పట్టెను. ఫ్రెంచివారు పోయి ఆంగ్లేయులు వచ్చిరి. 1919 జూన్ 7వ తేదీన రొట్టెధర పెరిగినందులకును, స్వపరిపాలన లేనందులకును జనులు ఈ నగరవీథులలో గుమిగూడి అలజడి చేయగా, ఆంగ్లసైనికులు కాల్చిరి. నలుగురు మాల్టావారు అసువులు బాసిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 13వ తేదీన జలియన్‌వాలాబాగున జరిగినది మనకు తెలియును. హతుల సంఖ్యలో పోలిక లేకున్నను, పాలకుడొక్కడే. మాల్టావారికి 1921లో స్వపరిపాలన కొంత లభించెను. స్వాతంత్ర్యము మాత్రము 1964 సెప్టెంబరు 21వ తేదీవఱకు రాలేదు. నేటికిని జూన్ 7 వారికి జాతీయదినము.

మనదేశముతో ఈ ద్వీపమునకు వేఱు సంబంధములును కలవు. 1878లో రష్యాను బెదరించుటకై ఆంగ్లప్రభుత్వము సుమారు 7,000 మంది భారతసైనికులను ఇచ్చటికి రప్పించెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున దేవబందు విద్యాపీఠమునకు చెందిన మహమూద్ హసన్ పండితుని రాజద్రోహనేరము మోపి ఈ ద్వీపముననే నిర్బంధించి, 1920లో విడిచిరి. రేవును చేతబట్టినవానికి కావలికిని చెఱకును గూడ అది పనికివచ్చెను.

రెండవ ప్రపంచయుద్ధమున మాల్టాకు మరల ముట్టడి వచ్చెను, ఈమారు ఆకాశమునుండి. ప్రజలు ఱాతిలో తొలిచిన గుహలలో తలదాచుకొనిరి. 1942 ఏప్రిల్ 7వ తేదీన నగరద్వారము దగ్గరనున్న నాటకశాల బాంబులకు కూలెను. ఏప్రిల్ 15వ తేదీన ఆఱవ జార్జి చక్రవర్తి ద్వీపమునకంతటికిని జార్జి క్రాసు పతకమిచ్చెను. కాని పతకము ఆకలి తీర్పదు. ఆగస్టు 15వ తేదీన ఒహాయో అను నూనెయోడ, సగము మునిగి, ఇరుప్రక్కల యుద్ధనౌకలు పట్టి నడుపగా రేవు చొచ్చెను. ఒడ్డున నిలిచిన జనుల హర్షధ్వానము మిన్నుముట్టెనట.

ఆ నాటకశాల శిథిలములను ఏమి చేయవలెనను వాదము డెబ్బది యేండ్లు సాగెను. పూర్వమున్నట్లే కట్టుడని కొందఱు, క్రొత్తది కట్టుడని కొందఱు వాదించిరి. తుదకు రెంజో పియానో అను ఇటలీ శిల్పి శిథిలములను శిథిలములుగానే యుంచి, వానినడుమ ఆకాశమే కప్పుగా గల రంగస్థలము నమర్చెను. అది 2013లో తెఱవబడెను. అది కొందఱికి నచ్చలేదు. నాకు మాత్రము ఉచితముగా తోచును. గాయమును పూర్తిగా కప్పివేయుటకంటె, దాని ప్రక్క కూర్చుండి పాట పాడుకొనుట మేలు.

ఈ చిన్ననగరమున 55 హెక్టారుల లోపల 320 చారిత్రక కట్టడములున్నవని యునెస్కో వారు 1980లో దీనిని ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. ఱాతికి రక్షణ దొరకెను. మనుష్యుల సంగతి వేఱు. ఇరువదవ శతాబ్దారంభమున ఇరువదివేలకు మించి జనులు కాపురముండిన నగరమున నేడు ఐదాఱువేల ప్రాంతము వారే మిగిలిరి. కాపురపుటిండ్లు పెక్కులు యాత్రికుల బసలగుచున్నవి. ఆకాశపు బాంబులకు లొంగని నగరము, చూడవచ్చినవారి ముట్టడికి లొంగునా యని అచ్చటివారి చింత.

కనుక శ్రోతలలో ఎవరైన ఎన్నడైన వలెట్టా చూడబోయినచో దేవాలయమును చూడుడు, బురుజులను చూడుడు. పిమ్మట సాయంకాలమున ఒక మెట్లవీథిలో కొంతసేపు నిలువుడు. కొయ్యవసారానుండి ఒక ముదుసలి పొరుగామెతో మాల్టీసు భాషలో పలుకుచుండుట వినవచ్చును. ఆ భాష అరబ్బీసంతతిది, లిపి రోమకము, మాటలలో సగము ఇటలీవి. క్రైస్తవురాలగు ఆ ముదుసలి దేవుని అల్లా యని పిలుచును. ఇన్ని రాజ్యములు విడిచిపోయిన సొత్తు ఆమె నోట కలిసి నిలిచినది. నగరము నిలుచుటయనగా ఆమె కాపురము నిలుచుటయే.